బాగుపడుచున్న ఇంటిలో ఒక ఆదివారము

ధ్యాన భాగము: మార్కు 5:21-43



ఇటీవల టైఫాయిడు జ్వరముతో మూడు వారాలు మంచము మీద ఉన్నాను. మీలో అనేకులు నా కొరకు ప్రార్థించారు. ప్రభువు కృపచేత జ్వరము తగ్గింది గాని ఒంట్లో సత్తువ లేదు. ఇంకొక వారము గడప దాటవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. అందుచేత ఆ ఆదివారము ఆరాధన డీకనుగారికి అప్పగించి ఇంట్లోనే ఉండిపోయాను. చెన్నైకి వచ్చి ఇరవై ఏళ్ళయింది. ఆదివారము ఉదయము మా ఇంట్లో నేనుండడము అదే మొదటిసారి.

మొదట నాకు ఏమీ తోచలేదు. తొమ్మిదిన్నర అయ్యేసరికి మనస్సు మందిరములోనే ఉంది. పాట ఎవరు ఎత్తారో, ఎంతమంది వచ్చారో అని ఒకటే ఆలోచన. మా అమ్మ కిటికీ దగ్గర కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నా భార్య నూకల జావ కాచి, ఉప్పు వేసి, చల్లార్చి తెచ్చింది. పన్నెండేళ్ళ మా అమ్మాయి గిన్నె పట్టుకొని నా ప్రక్కన కూర్చుంది. మనమే ఇక్కడ కుటుంబ ప్రార్థన చేసుకుందామని మా అమ్మ అన్నది. నాకు కళ్ళు తిరుగుతున్నందున బైబిలు అమ్మాయి చేతికిచ్చి, యాయీరు కుమార్తె సంగతి చదవమన్నాను.

అమ్మాయి పుట తీసింది. ఒక్కొక్క అక్షరము కూడబలుక్కుంటూ రెండు మాటలు చదివి ఆగిపోయింది. ఒత్తు దగ్గర తడబడింది. తల వంచుకొని, "నాన్నా, తమిళ బైబిలులో చదవనా?" అని అడిగింది.

ప్రియులారా, ఆ మాట నాకు జ్వరముకంటె ఎక్కువగా తగిలింది. ఆరేళ్ళుగా ఆదివారము సాయంకాలము సంఘపు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుచున్నాను. మన పిల్లలు తెలుగు మరచిపోకూడదని ప్రతి కూడికలో చెప్పుచున్నాను. నా బిడ్డకు రాదని నాకు తెలియదు! "నీకెందుకు రాలేదమ్మా?" అన్నాను. "మీరు వాళ్ళకి నేర్పేటప్పుడు నేను చంటిపిల్లల్ని ఆడించేదాన్ని కదా నాన్నా" అన్నది. అందులో ఫిర్యాదు లేదు. జరిగినది జరిగినట్లు చెప్పింది, అంతే. మా అమ్మ మాత్రము చిక్కుడుకాయలు ప్రక్కన పెట్టి నా వైపు చూసింది.

ఆ దినమంతా నేను యాయీరును గూర్చి ధ్యానించాను. మూడు సంగతులు నాకు కనబడినవి.

మొదటిది, ప్రభువు ఆ ఇంటిలోని గుంపును బయటికి పంపివేశాడు. ఏడ్చేవారు, కేకలు వేసేవారు, పరిహసించేవారు అందరు బయటికి వెళ్ళారు. తండ్రి, తల్లి, ముగ్గురు శిష్యులు మాత్రము లోపలికి వెళ్ళారు. రోగియున్న ఇంటికి నెమ్మది అవసరము. మనము ప్రేమతోనే పరామర్శకు వెళ్తాము. అయితే గంటలకొలది కూర్చొని, ఫలానివారికి ఇదే జబ్బు వచ్చి ఎలా అయిందో చెప్పి వస్తాము. చిన్న ప్రార్థన చేసి, ఆ ఇల్లాలికి ఒక పూట వంట తప్పించి వస్తే అది గొప్ప పరిచర్య.

రెండవది, ఆ చిన్నది లేచి నడిచిన తరువాత ఆమెకు ఆహారము పెట్టుమని ప్రభువు చెప్పాడు. మరణమునుండి లేపినవాడు ఆకలి తీర్చలేడా? తీర్చగలడు. అయినను ఆ పని తలిదండ్రులకు విడిచిపెట్టాడు. హిజ్కియా రాజుకు పదునైదు సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము చేసిన దేవుని ప్రవక్తయే, పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. కాబట్టి మందు వేసుకోవడము విశ్వాసము తక్కువై చేసే పని కాదు. జ్వరము తగ్గగానే మాత్రలు మానవద్దు, డాక్టరు చెప్పినన్ని రోజులు వాడండి. మధ్యలో మానితే టైఫాయిడు తిరగబెట్టవచ్చును. ప్రార్థన, మందు, జావ మూడును ప్రభువు చేతిలోనివే.

మూడవది, యాయీరు సమాజమందిరపు అధికారి. అనేకుల పనులు చూచేవాడు. ఆ దినము ప్రభువును వెంటబెట్టుకొని తన ఇంటికే వెళ్ళవలసి వచ్చింది. నేను ప్రభువు మాటను ఎందరి ఇండ్లకో తీసుకొని వెళ్ళాను. నా ఇంటి గదిలో పన్నెండేళ్ళ బిడ్డ ఎదురుచూస్తున్నదని జబ్బుపడితే గాని తెలియలేదు. దేవుడు నాకు దీనిని నేర్పుటకే జ్వరము పంపాడని నేను చెప్పను. ఆ జ్వరములో కూడ ఆయన నన్ను విడిచిపెట్టలేదని మాత్రము చెప్పుదును.

విశ్రాంతి దినములు వ్యర్థమని తలంచవద్దు. మన తెలుగు బాప్టిస్టు సేవకు ఆద్యుడైన శామ్యూల్ డే గారు 1836లో ఈ దేశానికి వచ్చి, మద్రాసులోని తెలుగువారి మధ్య కొంతకాలము పనిచేసి, 1840లో నెల్లూరు చేరారు. తరువాత ఆరోగ్యము చెడి అమెరికాకు తిరిగి వెళ్ళవలసి వచ్చింది. పని అక్కడితో ముగిసినట్టే కనబడింది. అయితే 1848లో లైమన్ జూయెట్ దంపతులతో కలిసి ఆయన మరల ఓడ ఎక్కారు. విశ్రమించినవాడు ఒంటరిగా తిరిగి రాలేదు, తోడును వెంటబెట్టుకొని వచ్చాడు.

ఆ సాయంకాలము మా అమ్మ పలక తెప్పించింది. అమ్మాయి మధ్య కూర్చుంది, ఒక ప్రక్క నేను, ఒక ప్రక్క నాయనమ్మ. 'క'కు తలకట్టు దగ్గర మొదలుపెట్టాము. ఇప్పుడు ప్రతి రాత్రి భోజనమునకు ముందు రెండు వచనాలు చదువుతున్నది. ఇంకా తడబడుతుంది. మేము తొందరపెట్టము. మొన్న రాత్రి యాయీరు సంగతి చివరి వరకు తానే చదివింది.

ప్రియులారా, తమిళము, కన్నడము, మరాఠీ, ఒడియా మన పిల్లలకు అన్నము పెట్టే భాషలు. అవి కూడ దేవుని ఈవులే. అయితే నాయనమ్మ ప్రార్థించే మాట మనుమరాలికి పరాయిది కాకూడదు. మందిరములో ఎంత ప్రయాసపడినను, ఇంటి గడప లోపల ఎవరు ఆకలితో ఉన్నారో చూడండి. అందుకు జబ్బు వచ్చేవరకు ఆగకండి. వారములో ఒక్క పూట తలుపు వేసుకొని మీ వారితో కూర్చోండి.

గుంపును వెలుపలికి పంపి ఆ చిన్నదాని చెయ్యి పట్టుకొన్న ప్రభువు మీ ఇండ్లలోనికి కూడ వచ్చును గాక. ఆమేన్.