కాగితముమీది దారి



అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో, ఐతియొపీయునికి బాప్తిస్మమిచ్చిన ఫిలిప్పు ఆ మార్గమునుండి కొనిపోబడి అజోతులో కనబడినట్లు చదువుచున్నాము. “అది వార్మ్‌హోల్ గుండా జరిగిన ప్రయాణమే, శాస్త్రమే ఒప్పుకొన్నది” అని మనము పిల్లలకు చెప్పవచ్చునా? చెప్పినయెడల అది సత్యమగునా?

మొదట సంగతి తెలిసికొందము. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. సూర్యుని తరువాత మనకు దగ్గరి నక్షత్రమునుండి వచ్చుటకు దానికే 4 సంవత్సరములకు పైగా పట్టును. 1977లో అమెరికావారు పంపిన వాయేజర్ 1 వేగముతో పోవలెనన్న 70 వేల యేండ్లు దాటును. అందుచేత అడ్డదారి ఉన్నదా యని శాస్త్రజ్ఞులు ఆలోచించిరి.

అడ్డదారి యనగా నేమో పల్నాటివారికి నల్లమలయే చెప్పును. శ్రీశైలము జలాశయపు నీటిని ప్రకాశము జిల్లాకు తెచ్చుటకై వెలిగొండ ప్రాజెక్టులో కొండ క్రింద 18 కిలోమీటర్లకు మించిన సొరంగములు రెండు తొలచిరి. మొదటిది 2021లో, రెండవది 2024లో అవతలికి చేరెను. ఆకాశములో దూరపు తావులను కలుపు సొరంగము వంటిదే వార్మ్‌హోల్. పురుగు పండు చుట్టు ప్రాకక లోపల తొలిచి అవతలికి పోవునట్టిదని ఆ పేరునకు భావము. 1935లో ఐన్‌స్టీన్, రోజెన్ అనువారి లెక్కలలో ఇట్టి వంతెన కనబడెను. 1957లో వీలర్ అను పండితుడు దానికి ఈ పేరు పెట్టెను.

అయితే 1962లో ఆ వీలరే, ఫుల్లర్‌తో కూడ లెక్కచూచి, అట్టి వంతెన వెలుగు సహితము దాటకముందే మూసికొనునని ప్రకటించెను. 1988లో మోరిస్, థోర్న్ అనువారు, దానిని తెరచి నిలుపుటకు ఋణశక్తి అనునది కావలెననిరి. అది సాధారణ పదార్థమువలె లోపలికి లాగక వెలుపలికి నెట్టవలెను. మనుష్యుడు దాటగలంతటి ఋణశక్తిని ఎవరును కూర్చలేదు. అట్టి ద్వారమును నేటివరకు ఎవరును చూడలేదు.

వెలిగొండ సొరంగమును మొదట కాగితముమీదనే యుండెను. ఆ గీత చూచి ఏ రైతును నారు పోయలేదు గదా! లెక్కకు అడ్డులేనిది వేరు, ఉన్నది వేరు. ఉండవచ్చుననుదానిని ఉన్నదని చెప్పుట, మంచి ఉద్దేశముతో చెప్పినను, అబద్ధసాక్ష్యమే. ప్రభువు ఆత్మ ఫిలిప్పును కొనిపోయెనని వాక్యము చెప్పుచున్నది, ఏలాగో చెప్పలేదు. అక్కడ మనము అరువు తెచ్చిన గుంజ పాతినయెడల, పట్టణమునకు పోయి చదువుకొన్న బిడ్డ ఆ గుంజ పుచ్చిదని తెలిసికొన్ననాడు ఇల్లే పుచ్చినదనుకొనును. ఆ దోషము బిడ్డది కాదు, మనదే.

అట్లని శాస్త్రజ్ఞులను ఎగతాళి చేయుటయు న్యాయము కాదు. తాను పేరు పెట్టిన దారి మూతపడునని తానే చెప్పిన వీలరు యథార్థతను చూడుడి. తనకు ప్రియమైనదానికి విరోధముగానైనను సత్యమే పలుకువాడు నమ్మదగిన సాక్షి. మనము ప్రకటించు సత్యము ఆయన లెక్కకంటె గొప్పదని చెప్పుకొనుచున్నాము. అట్లయిన మన జాగ్రత్త ఇంకెంత యుండవలెను!

కాబట్టి ఆదివారపు బడిలో మన పిల్లలకు మూడు మాటలను వేరువేరుగా పలుక నేర్పుదము: ఉన్నది, ఉండవచ్చును, తెలియదు. మూడవ మాట పలుకుటకు సిగ్గుపడనివాడే మొదటి మాట పలికినప్పుడు ఊరు నమ్మును.