“నీవు ముందు పొమ్ము” అను మాట

ఇద్దరు కలిసి ప్రయాణము చేయునప్పుడు ఒకరు వెనుకబడుట సహజము. వెనుకబడినవాడు సాధారణముగా ఒక మాట చెప్పును: “నువ్వు వెళ్ళు, నేను మెల్లగా వస్తాను.” సంతకు పోవు దారిలోను, కోతలకు పోవు గట్లమీదను మనము ఈ మాటను ఎన్నిసార్లు విన్నామో, ఎన్నిసార్లు చెప్పితిమో లెక్కలేదు. అయితే ఈ మాట విన్నవానికి నిజముగా సెలవు దొరికినట్లేనా? స్నేహితుడు పొమ్మనెను గనుక పోవుట న్యాయమేనా? దీనిని కొంచెము ఆలోచింతము.

ఎండకాసిన దినమున ఇది చిన్న ప్రశ్న. ముందు పోయినవాడు ఏ చెట్టు నీడనో కూర్చుండి కనిపెట్టును. వెనుకటివాడు వచ్చి కలిసికొనును. సైకిలుమీద దూరప్రయాణము చేయుచు వానలో చిక్కుకొన్నవారికి మాత్రము ఇది బరువైన ప్రశ్న. ఎదురుగాలిలో త్రొక్కువారికి ఒక ఉపాయము తెలియును. బలవంతుడు ముందు పోవును. అలసినవాడు అతని వెనుక దగ్గరగా నుండును. ముందువాడు గాలికి అడ్డమై యుండును గనుక వెనుకవానికి శ్రమ తగ్గును. వాన కురిసినప్పుడు ఈ సహాయము పోవును. ముందు సైకిలు చక్రము చిమ్మెడి బురదనీరు వెనుకవాని ముఖమున పడును. తడిసిన రిమ్ముమీద బ్రేకు రబ్బర్లు వెంటనే పట్టవు గనుక దగ్గరగా పోవుట ప్రమాదము. వాన చప్పుడులో పిలిచిన కేక వినబడదు. ఒకరినొకరు విడువవలెనని ఎవరును తలంపకయే ఇద్దరి మధ్య దూరము పెరుగును. తోడు మిక్కిలి అవసరమైన గడియలోనే తోడుగా నుండుట మిక్కిలి కష్టమగును.

1995వ సంవత్సరము అక్టోబరు మాసములో నేనును నా స్నేహితుడొకరును గుంటూరునుండి నంద్యాలకు సైకిళ్లమీద బయలుదేరితిమి. ఆయన నాకంటె రెండేండ్లు పెద్దవాడు, బలవంతుడు. రెండవ దినమున నరసరావుపేట దాటి వినుకొండవైపు పోవుచుండగా వాన పట్టుకొనెను. ఆ రాత్రి మేము బసచేయవలసిన పల్లె తారురోడ్డుకు చాల లోపల నున్నది. అక్కడి సంఘమువారు సాయంకాల కూటమునకు మాకొరకు కనిపెట్టుకొనియుండిరి. పల్లెకు పోవునది రేగడి నేలలోని బండిదారి. తడిసిన రేగడిమన్ను టైరుకు అంటుకొని మడ్‌గార్డులో గట్టిగా కూరుకొనిపోవును. పది గజములు నడిపి, నిలిచి, పుల్లతో గీకి తీయవలెను. నా మోకాలు అప్పటికే వాచియుండెను. ఆయనకు ఆ సంగతి తెలియును. ప్రొద్దు క్రుంకుచుండగా నేను, “అన్నా, నువ్వు వెళ్ళు. వాళ్ళు ఎదురుచూస్తుంటారు. నేను మెల్లగా వస్తాను” అంటిని. ఆయన తన సైకిలును తుమ్మచెట్టుకు ఆనించి, నా మడ్‌గార్డులోని మట్టిని తీయుచు, “చీకట్లో నిన్నిక్కడ వదిలేసి, అక్కడికి పోయి ఏం ప్రసంగం చెయ్యను తమ్ముడూ?” అనెను. మేము చేరునప్పటికి జనులు ఇండ్లకు పోయియుండిరి. ఆ రాత్రి కూటము జరుగలేదు.

ఆయన చేసినది సరియేనా? ఒకనికొరకు అనేకులను నిరాశపరచుట ధర్మమా అని ఎవరైనను అడిగినయెడల, అది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పొలము పనినుండి వచ్చి, అన్నము తినక, తడిసిన బట్టలతో కూర్చుండినవారి కాలమునకును విలువ కలదు. అయినను తలలను లెక్కించుటచేత ఈ సంగతి తేలదు. వారు ఇంటికప్పు క్రింద, తమవారి మధ్య నుండిరి. వారికి పోయినది ఒక సాయంకాలము. మరునాటి ఉదయమున ప్రార్థన జరిగెను. వానలో, చీకటిలో కుంటుచున్నవానికి ఏమి సంభవించునో ఎవరు చెప్పగలరు? నూరు గొఱ్ఱెలుగల కాపరి ఉపమానము మనమందరము ఎరిగినదే. అతడు తొంబదితొమ్మిదింటిని తృణీకరింపలేదు. ఏది ప్రమాదములో నున్నదో దానిని వెదకబోయెను.

అట్లని ముందు పోవుట ఎల్లప్పుడును తప్పు అని చెప్పరాదు. ఆ పల్లెలో జ్వరముతో పడియున్న ఒకనికి మేము మందు తీసికొనిపోవుచుండినయెడల, నా స్నేహితుడు ముందు వెళ్లి, లాంతరు ఇచ్చి ఒకనిని నాకొరకు వెనుకకు పంపుటయే ధర్మమైయుండును. దీర్ఘప్రయాణములలో తోడివారు విడిపోవుటయు కలదు. 1923 అక్టోబరు 15న ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్లమీద లోకము చుట్టివచ్చుటకు బొంబాయినుండి బయలుదేరిరి. 1928 మార్చి 18న ఆ ప్రయాణము ముగించి తిరిగివచ్చినవారు అది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా అను ముగ్గురే. విడిపోవుట ఒక్కటే ద్రోహము కాదు.

ఆదికాండము 33వ అధ్యాయములో యాకోబు కూడ తన అన్నతో ఇట్టి మాటయే చెప్పెను. పసిపిల్లలును పాలిచ్చు పశువులును తనతో ఉన్నందున తాను మెల్లగా రావలసియున్నదనియు, అన్న ముందు సాగిపోవలెననియు కోరెను. ఏశావు తన మనుష్యులలో కొందరిని తోడుగా ఉంచుదుననెను. యాకోబు అక్కరలేదనగా వెళ్లిపోయెను. అందులో ఏశావు తప్పేమియు లేదు. యాకోబు ఒంటరివాడు కాడు, ఆపదలోను లేడు. తరువాత అతడు శేయీరుకు పోక సుక్కోతుకు పోయెను. ఎమ్మాయు మార్గములోనో మరియొక విధముగా జరిగెను. తమతో నడిచివచ్చినవాడు ఇంకను ముందుకు పోవువానివలె కనబడినప్పుడు, ఆ ఇద్దరు శిష్యులు సాయంకాలమైనదని చెప్పి ఆయనను బలవంతపెట్టి నిలుపుకొనిరి. పోవుట, పోనిచ్చుట, నిలుపుట అనువానిలో ఏది తగునో గడియను బట్టియు మనుష్యుని స్థితిని బట్టియు తెలియును. కాబట్టి తోడివాడు పొమ్మనినప్పుడు, “నేను పోయిన పిమ్మట ఇతడు ఏ స్థితిలో నుండును?” అని మనలను మనమే అడుగుకొనవలెను.

వెనుకబడినవానికిని ఒక ధర్మము కలదు. కాలు నొచ్చుచుండగా “నాకేమీ కాలేదు” అనుట మర్యాదవలె కనబడును గాని, తోడివానికి నిజము తెలియకుండ చేయును. నిజము తెలియనివాడు సరిగా తీర్పు చేయలేడు. “నడవలేకపోతున్నాను, కొంచెం ఆగు” అని చెప్పుటలో సిగ్గు లేదు.

సహోదరులారా, సహోదరీలారా, ఈ మాట దారిలోనే గాక మన ఇండ్లలోను వినబడుచున్నది. కుండలో అన్నము తక్కువైన రాత్రి తల్లి, “మీరు తినండి, నాకు ఆకలి లేదు” అనును. హైదరాబాదులోనున్న కుమారుడు ఫోను చేయగా పల్లెలోని తండ్రి, “నాకేం ఫరవాలేదు, నీ పని చూసుకో” అనును. ఆ మాటలు ప్రేమచేత చెప్పబడినవి. అయినను వాటిని పట్టుకొని మన బాధ్యత తీరినదనుకొనరాదు. కుండ మూత తీసి చూడుడి. తండ్రి ఫరవాలేదనినప్పుడు, ప్రక్కయింటివారిని పిలిచి, ఆయన లేచి నడుచుచున్నాడో లేదో, మందులు ఉన్నవో అయిపోయినవో అడుగుడి. సంగతి తెలిసికొనిన తరువాత మీ పనికి పోవలసియున్నయెడల పొండి. పోవునప్పుడు ఆయనయొద్ద ఎవరు ఉందురో ఏర్పాటు చేసి పొండి.