పచ్చిక మీద విశ్రాంతి

ధ్యాన భాగము: మార్కు సువార్త 6:30–44

తపతీ నది సముద్రములో కలియు చోటికి కొలది దూరమున సూరత్ నగరమున్నది. మొగలాయి పాదుషాల కాలమున అది పడమటి సముద్రతీరమున పేరుపొందిన రేవు. నేడు అది మరమగ్గముల నగరము. ఆ మగ్గముల యొద్దకు తెలంగాణ పల్లెలనుండి నేతపనివారు కొన్ని తరములుగా వలసపోవుచున్నారు. లింబాయత్ ప్రాంతపు వీధులలో తెలుగు మాట వినబడును.

మరమగ్గముల శాలలలో పని సాధారణముగా పండ్రెండు గంటల వంతున సాగును. ఆ చప్పుడులో ప్రక్కనున్నవాని మాటయైనను చెవిని పడదు. నేసిన మీటర్ల లెక్కన కూలి ముట్టువారికి మగ్గము ఆగిన దినమున కూలియు ఆగును. ఇండ్లలో స్త్రీలు అనేకులు చీరలకు అంచులు కుట్టుచు, రాళ్లు అతికించుచు ప్రొద్దుపుచ్చుదురు. అట్టి కుటుంబములకు విశ్రాంతి యనునది నష్టముగనే తోచును.

ఆ నగరములోనే గోపీ తలావ్ అను చెరువును, దాని చుట్టు ఉద్యానవనమును కలవు. మలిక్ గోపీ అను ధనవంతుడు సుమారు 1510లో ఊరివారి నీటి అవసరమునకై ఆ చెరువును త్రవ్వించెను. 1623లో సూరతుకు వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే దానిని చూచి వర్ణించెను. తరువాతి కాలమున ఆ చెరువు ఎండిపోయి, పూడి, నిరుపయోగమయ్యెను. నగరపాలక సంస్థ దానిని బాగుచేయించి, మరల నీరు నింపించి, 2015లో ప్రజలకొరకు తెరచెను. కిక్కిరిసిన వీధుల నడుమ నీటియొడ్డున కూర్చుండుటకు నేడు అచ్చట చోటున్నది.

చదువరులారా, ఈ చెరువు కథవంటిది ఆదికాండము 26వ అధ్యాయములో కనబడును. అబ్రాహాము దినములలో త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చివేయగా ఇస్సాకు వాటిని తిరిగి త్రవ్వించెను. దేవుడు మానవునికి అనుగ్రహించిన విశ్రాంతి దినము అట్టి బావియే. దానిని పూడ్చివేయు మన్ను అనేక విధములైనది: తీరని అప్పు, యజమానుని పేరాశ, పొరుగువానితో పోటీ, రేపటిని గూర్చిన చింత. బావి పూడిపోయినంత మాత్రమున అడుగున ఊట లేదని చెప్పరాదు. త్రవ్వువారు కావలెను.

ఎవరు త్రవ్వవలెను? ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములోని ఆజ్ఞ దీనికి స్పష్టముగా ఉత్తరమిచ్చుచున్నది. విశ్రాంతి ఇంటి యజమానునికి మాత్రమే కాదు. దాసునికి, దాసికి, పరదేశికి, ఎద్దునకు, గాడిదకు సహితము నియమింపబడెను. ఐగుప్తులో దాసులై యున్నవారు ఇతరులను విశ్రాంతిలేని దాసులుగా ఉంచరాదని దేవుడు జ్ఞాపకము చేసెను. కావున పనివారిని పెట్టుకొనిన విశ్వాసి వారి విశ్రాంతికి ఉత్తరవాది. భర్త ఆదివారమున చెట్టునీడను కూర్చుండగా భార్య దీపము క్రింద అంచులు కుట్టుచుండినయెడల, ఆ ఇంట ఆజ్ఞ సగమే నెరవేరెను.

అయినను ఆకలిగొన్నవానితో విశ్రమించుమని చెప్పుట సులభము. ఆ మాట వాని కడుపు నింపదు. ఇచ్చటనే మార్కు సువార్త 6వ అధ్యాయము మనస్సును తాకుచున్నది. వచ్చుచు పోవుచు ఉండిన జనుల వలన శిష్యులకు భోజనము చేయుటకైనను తీరిక లేకపోయెను. ప్రభువు వారి అలసటను ఎరిగి, ఏకాంత స్థలమునకు వారిని పిలిచెను. అయితే దోనె దిగునప్పటికే జనసమూహము అచ్చటికి చేరియుండెను. ప్రభువు విసుగుకొనలేదు. కాపరిలేని గొఱ్ఱెలవలె ఉన్న వారిమీద కనికరపడి, వారికి బోధించెను. ప్రొద్దు గ్రుంకుచుండగా వారిని పంపివేయుట మంచిదని శిష్యులు తలంచిరి. ప్రభువు వారిని పచ్చిక మీద నూరేసి మందిగాను, ఏబదేసి మందిగాను కూర్చుండజేసి, ఐదు రొట్టెలను రెండు చేపలను ఆశీర్వదించి పంచిపెట్టించెను. అయిదువేలమంది పురుషులు తిని తృప్తిపొందిరి.

కూర్చుండుమని చెప్పిన ప్రభువే రొట్టెయు ఇచ్చెను. ఆయన విశ్రాంతిని ఆహారమునుండి వేరుచేయలేదు. పనివానికి సెలవిచ్చి ఆ దినపు కూలిని కోయు యజమానుడు పచ్చికను చూపి రొట్టెను దాచుచున్నాడు. సెలవును కూలియు కలిపి ఇచ్చువాడు ప్రభువు మార్గమున నడచుచున్నాడు. పనివారికి ఆయన పిలుపు మరియొకటి: బ్రదుకు మీటర్ల లెక్కన కొలువబడునది కాదు. మగ్గము ఆగిన గడియలో కూడ పరలోకపు తండ్రి వారిని ఎరుగును, పోషించును. ఆ నమ్మికతో కుటుంబమంతయు ఒక్క సాయంకాలము నీటియొడ్డున కూర్చుండినను, అది ఆయన సన్నిధిలో ఆరాధనయే.

ప్రార్థన: ప్రభువా, మగ్గముల చప్పుడులో అలసిన నీ బిడ్డలకు విశ్రాంతిని, దానితో కూడ అనుదినాహారమును దయచేయుము. యజమానుల హృదయములలో పూడిన కనికరపు ఊటలను తిరిగి త్రవ్వుము. ఆమేన్.