నిద్రవేళ మూసిన చెవి

ధ్యాన భాగములు: 1 సమూయేలు 3:1–10, మార్కు 4:35–41, సామెతలు 21:13, 27:14



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మన సంఘపు యౌవనస్థుడొకడు మా యొద్దకు వచ్చి, తన సెల్‌ఫోనులో నాలుగైదు బొమ్మలు చూపి, "అయ్యగారూ, రాత్రిపూట చెవిలో పెట్టుకొని పడుకోడానికి ఈ ఇయర్‌బడ్స్‌లో ఏవి సుఖంగా ఉంటాయండి?" అని యడిగెను. బస్సు ప్రయాణములలో వాక్యము వినుటకు మేమును ఒక జత వాడుచుండుట అతడు చూచియుండెను. పాదిరిని అడుగవలసిన ప్రశ్నయా యిది అని మొదట నవ్వుకొంటిమి.

తెలిసినంతలో చెప్పితిమి. ప్రక్కకు తిరిగి పడుకొనువానికి కాడ బయటికి పొడుచుకొని యుండు రకము పనికిరాదు. తలగడ ఒత్తిడికి అది చెవిలో గ్రుచ్చుకొని తెల్లవారునప్పటికి నొప్పి పుట్టించును. చెవి గుంటలో అణగియుండు చిన్న రకము మేలు. చాల రకములకు పెట్టెలోనే చిన్న, నడిమి, పెద్ద రబ్బరు తొడుగులు ఇచ్చెదరు; మనవారు చేతికి మొదట వచ్చినదానినే తొడిగి, సరిపడలేదని వస్తువును నిందింతురు. శబ్దమును అణచునవి అని ఎక్కువ వెలకు అమ్మునవి ఫ్యాను మోత, ఇంజను మోతవంటి ఎడతెగని శబ్దములను బాగుగా తగ్గించును గాని, హఠాత్తుగా వచ్చు కేకలను అంతగా ఆపలేవు. బోస్ అను అమెరికా కంపెనీ 2018లో కేవలము నిద్ర కొరకే ఒక జత చేసి అమ్మినది. వాటిలో పాటలు రావు. జలపాతపు హోరు, ఆకుల గలగలవంటి శబ్దములే వచ్చును. దేవుడు వేపచెట్టు మీద ఉచితముగా వినిపించుదానిని మనుష్యులు డబ్బిచ్చి చెవిలో పోసికొనుచున్నారు గదా అనిపించినది!

ధ్వని మాత్రము బహు తక్కువగా ఉంచుకొమ్మంటిమి. పెద్దవారు 80 డెసిబెల్స్ ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పిల్లలకైతే 75 డెసిబెల్స్. రాత్రికి 7 గంటలు పెట్టుకొనినను వారమునకు 49 గంటలగును. కనుక నిద్ర పట్టిన పిమ్మట దానంతట అదే ఆగిపోవునట్లు ఫోనులో సమయము పెట్టుకొనుట మంచిది. బైబిలు పఠనము వినుచు నిద్రపోవచ్చునా అని కొందరు అడుగుదురు. పోవచ్చును. అయితే దానిని ధ్యానమని లెక్క వ్రాసికొనవద్దు.

ఇంతవరకు చెప్పిన పిమ్మట మాకు అతని తల్లి జ్ఞాపకమునకు వచ్చెను. ఆమె ఉబ్బసపు రోగి. ఆ యింట వారిద్దరే. "రాత్రి అమ్మకు ఆయాసం వచ్చి పిలిస్తే ఎలా వింటావు, బాబూ?" అని యడిగితిమి. అతడు ఉత్తరమియ్యలేదు.

బాలుడైన సమూయేలు మందిరములో పండుకొనియున్న రాత్రి జ్ఞాపకము చేసికొనుడి. ప్రభువు పిలువగా అతడు ఏలీ పిలిచెననుకొని పరుగెత్తెను. ఒకసారి కాదు, మూడుసార్లు. చూపు మందగించిన ఆ ముసలివాడు ఏ వేళ పిలుచునో అని ఆ పిల్లవాని చెవి నిద్రలోను తెరచియుండెనని మేము తలంచుచున్నాము. వృద్ధుని కొరకు తెరచియున్న ఆ చెవియే దేవుని స్వరమును విన్నది. యేసు ప్రభువును పడవ వెనుక భాగమున తలగడమీద నిద్రించెను. గాలి ఆయనను లేపలేదు, అలలు లేపలేదు. శిష్యుల కేక లేపెను. మన నిద్ర అట్లుండవలెనని మా కోరిక. దరిద్రుని మొఱ్ఱకు చెవి మూసికొనువాని మొఱ్ఱకును ఒకనాడు ఉత్తరము దొరకదని సామెతల గ్రంథకర్త హెచ్చరించెను. అయితే అలసినవాడు గాలి హోరుకు చెవి మూసికొనుటలో పాపమేమియు మాకు కనబడలేదు.

"ఇంతకూ నిన్ను నిద్రపోనీయని శబ్దమేది?" అని యడిగితిమి. అతడు నూలుమిల్లులో రెండవ షిఫ్టు చేసి, ఇల్లు చేరి, అర్ధరాత్రి దాటిన పిమ్మట పడుకొనువాడు. కుక్కల మొరుగో, పొరుగింటి టీవీయో చెప్పుననుకొంటిమి. అతడు తల వంచుకొని, "ఏమీ అనుకోకండి అయ్యగారూ, నాలుగున్నరకి మన గుడి మైకండి" అనెను.

ఇప్పుడు ఉత్తరము లేనిది మాకు.

ఇతరుల మైకులను గూర్చి మాటలాడుట మనకు సులభము. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమములను బట్టి రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు బయటికి వినబడునట్లు మైకు వేయరాదు. ప్రభుత్వము సెలవిచ్చు కొన్ని పండుగ దినములలో మాత్రము, అదియు సంవత్సరమునకు 15 దినములకు మించకుండ, అర్ధరాత్రి వరకు వేయవచ్చును. అదే సంవత్సరము ఆగస్టు 30వ తేదీన సుప్రీంకోర్టు ఈ విషయమై ఒక తీర్పు చెప్పినది. ఇతరుల నెమ్మదిని చెరిపియో, మైకులతోను డప్పులతోనో ప్రార్థింపుడని ఏ మతమును చెప్పదని అందులో ఉన్నది. ఆ కేసులో సుప్రీంకోర్టుకు అప్పీలు చేసినవారెవరు? చెన్నైలోని ఒక క్రైస్తవ సంఘమువారు! వారి మీద ఫిర్యాదు చేసినవారు ఆ కాలనీ నివాసులు. ఇది చదివినప్పుడు మాకు సిగ్గు కలిగినది. న్యాయస్థానము చెప్పువరకు ఆగనక్కరలేదు. వేకువనే లేచి గొప్ప శబ్దముతో స్నేహితుని దీవించినను అది అతనికి శాపముగా ఎంచబడునని సామెతలు 27వ అధ్యాయములో ఎప్పుడో వ్రాయబడియున్నది. ఆ వచనము మీద ఇన్నేండ్లలో ఒక్క ప్రసంగమైనను మేము చేయలేదు.

సంగతి సంఘ పెద్దల యెదుట పెట్టితిమి. ఒక పెద్ద, "ఆ పాట విని మారుమనస్సు పొందినవాళ్లు లేరా?" అనెను. ఉన్నారు, మేమెరుగుదుము, ఆ మాటను త్రోసివేయలేకపోతిమి. మరియొకరు, తక్కినవారు ఆపినప్పుడు మనమును ఆపుదమనిరి. ఒక విధవరాలు మాత్రము, పసిపిల్లను అప్పుడే నిద్రపుచ్చి తాను ఒరిగిన గంటకే ఆ మైకు మ్రోగునని, ఆ పాటలు తనకు ఎంతో ఇష్టమైనను ఆ వేళ కోపము వచ్చునని మెల్లగా చెప్పెను. చివరకు, ఉదయము 6 గంటలకు ముందు గొట్టపు మైకు వేయకుండ, లోపలి చిన్న పెట్టె మాత్రము తలుపులు మూసి వాడునట్లు మూడు నెలలు చూతమని ఒప్పుకొనిరి. ఒప్పుకొనని ఇద్దరు పెద్దలు ఇంకను మాతో సరిగా మాటలాడుట లేదు. డిసెంబరు నెల వచ్చినప్పుడు ఏమగునో చూడవలెను.

ఆ యౌవనస్థుడు చిన్న రకపు జత ఒకటి కొనుక్కొనెను. వీధిలో ఇతర శబ్దములు లేకపోలేదు గదా. మొన్న వారి యింటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు చూచితిమి: అతడు తన నులకమంచమును తల్లి మంచము ప్రక్కకు, ఆమె చేయి చాచినయెడల అతని భుజము తగులునంత దగ్గరకు, జరుపుకొని వేసికొనియున్నాడు.