ఒత్తు పొల్లుపోని తెర

పెద్ద మానిటర్ ఎంచుకునేవాళ్లు ముందుగా దానిమీద ‘జ్యోత్స్న’ అని టైపు చేసి చూడాలి. తర్వాత ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘దారిద్ర్యం’. పుస్తకంలో ఉండేంత సైజులో, 11 పాయింట్లలో, జూమ్ చేయకుండా. ‘జ్యోత్స్న’లో త కింద సకారం, దాని పక్కన నకారం విడివిడిగా, దేని ఒంపు దానిదిగా కనిపిస్తే ఆ తెరను నిశ్చింతగా ఇంటికి తెచ్చుకోవచ్చు. అట్టపెట్టె మీద ఎన్ని గొప్పలు అచ్చేసి ఉన్నా నా దగ్గర ఇదే తొలి పరీక్ష.

జగిత్యాల జిల్లా పెగడపల్లిలో డీటీపీ పని చేసుకుంటాను. పెండ్లి పత్రికలు, బడి ప్రశ్నపత్రాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. పొద్దంతా ఒత్తులతోనే నా పని. ఇంగ్లీషు అక్షరాలు ఒక గీత పట్టుకుని పక్కకు నడిచిపోతాయి. మన అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. పైన తలకట్టో గుడో, నడుమ హల్లు, కింద ఒత్తు, ఒక్కోసారి ఆ ఒత్తుకు తోడు ఇంకో ఒత్తు. 24 అంగుళాల మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద అంగుళానికి 92 చుక్కలుంటాయి. దానిమీద 11 పాయింట్ల అక్షరానికి నిలువున దక్కేవి 14 చుక్కలు. ఆ పద్నాలుగులోనే గుడి, హల్లు, ఒత్తు అన్నీ సర్దుకోవాలి. పాపం, ధ అడుగున ఉండే చిన్న గీతకు చోటెక్కడిది? ద, ధ ఒకటే అయిపోతాయి. ప, ఫ కలిసిపోతాయి. పెండ్లికొడుకు పేరు సుధాకరో సుదాకరో తేల్చుకోవడానికి కండ్లు చికిలించి తెరకు ముక్కు ఆనించాల్సి వస్తుంది.

27 అంగుళాల 4కే తెరలో అంగుళానికి 163 చుక్కలు. అదే అక్షరానికి ఇప్పుడు 25 చుక్కలు. చెప్పడానికి పదకొండే ఎక్కువ, కానీ ఆ పదకొండులో ఎంత సుఖం ఉందో రోజూ తెలుగు చదివే కంటికే తెలుసు. ర ఒత్తు హల్లును ఎడమ నుంచి చుట్టుకుంటూ వచ్చే తీరు, క్ష లోపలి మెలిక, ఋకారపు కొసలు అన్నీ అచ్చులో ఉన్నట్టే నిలబడతాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సురన్న, సురవరం అని కవుల పేర్లు, పండితుల పేర్లు పెట్టిన తెలుగు ఫాంట్లు ఇప్పుడు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. చిన్న తెర మీద ఒక్క తీరుగా కనిపించిన ఆ ఫాంట్లన్నీ ఇక్కడ ఎవరి రాత వారిదిగా విడిపోయాయి. తిమ్మన ఫాంటు తీరు, ధూర్జటి తీరు వేర్వేరని నాకు తేటగా తెలిసింది ఈ తెర మీదే. 1991లో యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దొరికింది. ఆ చోటును కంటికి పూర్తిగా చూపించే అద్దం మాత్రం మా ఊరి దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇంకో ఆనందం కొలతది. 27 అంగుళాల తెర వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు, ఎత్తు 33న్నర. ఏ4 కాగితం 21 వెడల్పు, 29.7 ఎత్తు. అంటే రెండు ఏ4 పేజీలు పక్కపక్కనే, అసలు సైజులో, పైనా కిందా కోత లేకుండా కనిపిస్తాయి. ఆపైన 18 సెంటీమీటర్లు మిగులుతుంది టూల్స్ పెట్టుకోవడానికి. ఎడమ పేజీలో ప్రశ్నపత్రం, కుడి పేజీలో సారు చేతిరాత స్కాన్ కాపీ. పేజీ కిందికి పైకి జరిపే పనే లేదు. ల్యాప్‌టాప్‌లో ఒక పేజీ సగమే కనిపించేది, మిగతా సగం మనసులో మోసుకుంటూ దిద్దేవాళ్లం. మోసిన ఆ బరువు దిగాక గానీ అదెంత బరువో తెలియలేదు.

అసలీ తెర లోపల ఏముందో తెలుసుకున్న కొద్దీ నాకు మగ్గాల ఊరు సిరిసిల్ల గుర్తొస్తుంది. నిలువు గీతలు పడుగు, అడ్డగీతలు పేక. 4కే తెరలో అడ్డంగా 3840 చుక్కలు, ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు గళ్లు, కాబట్టి నిలువు దారాలు 11,520. అడ్డదారాలు 2160. దారం దారం దాటే ప్రతి చోటా కంటికి కనిపించని ఒక చిన్న ట్రాన్సిస్టర్ కాపలా ఉంటుంది. లెక్కేస్తే 2 కోట్ల 48 లక్షల 83 వేల 200 కూడళ్లు. సాంచె మీద, అంటే మరమగ్గం మీద, పేక ఒక్కో వరుస పడుతూ గుడ్డ పెరిగినట్టే ఇక్కడా బొమ్మ వరుస వరుసగా పడుతుంది. పై వరుస నుంచి కింది వరుస దాకా 2160 పేకలు వేసి, మళ్లీ మొదటికొచ్చి, అట్లా సెకనుకు 60 సార్లు. ఒక్క వరుసకు దొరికే సమయం సెకనును పది లక్షల పాళ్లు చేస్తే అందులో ఎనిమిది పాళ్ల లోపు. సిరిసిల్ల నేత కళాకారుడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేశారని విన్న ప్రతిసారీ ఒళ్లు పులకరించేది. ఈ వెలుగు గుడ్డను తలుచుకున్నా అదే పులకరింత.

ఆ గళ్లలో వెలుగును ఆపేదీ వదిలేదీ ఎవరు? ద్రవ స్ఫటికాలు. వాటి కథ క్యారెట్‌తో మొదలైంది. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ రైనిట్జర్ క్యారెట్ నుంచి తీసిన కొలెస్టరాల్ పదార్థమొకటి వేడిచేస్తుంటే అది రెండుసార్లు కరిగింది. 145.5 డిగ్రీల దగ్గర మసకగా, 178.5 డిగ్రీల దగ్గర తేటగా. ఆ నడుమ అది పారుతుంది కూడా, స్ఫటికంలా క్రమంగానూ ఉంటుంది. జర్మనీ శాస్త్రజ్ఞుడు ఓటో లేమన్‌కు పంపితే ఆయన ఆ వింతను పట్టుకుని పరిశోధించాడు. 1968లో అమెరికాలో జార్జ్ హైల్‌మయర్ బృందం దానితో మొదటి తెరలు చేసి చూపించింది. మన దేశపు చేయీ ఇందులో ఉంది. అప్పటిదాకా పొడుగాటి అణువులే ద్రవ స్ఫటికాలవుతాయని అనుకునేవారు. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, బి.కె. సదాశివ, కె.ఎ. సురేశ్ బిళ్లల ఆకారపు అణువులూ ఆ పని చేయగలవని నిరూపించారు. అట్లాంటి బిళ్ల అణువులతో చేసిన పలుచని పొరలే తర్వాత ఎల్‌సీడీ తెరలను పక్కనుంచి చూసినా బొమ్మ చెదరకుండా మెరుగుపరిచాయి. మా దుకాణంలో పెండ్లి పత్రిక దిద్దేటప్పుడు అమ్మాయి తండ్రి కుడిపక్క, మేనమామ ఎడమపక్క, వెనక ఇంకో నలుగురు నిలబడతారు. అందరికీ ఒక్కటే రంగు కనిపించినప్పుడల్లా నాకు ఆ శాస్త్రజ్ఞులు గుర్తొస్తారు.

పని ముగిశాక అసలు సంబరం. నలుపును పరీక్షించడానికి నేను పెట్టే సినిమా ‘మాయాబజార్’. 1957 నాటి ఆ చిత్రంలో మార్కస్ బార్‌ట్లే తీసిన వెన్నెల ఉంది చూశారూ, ఆ నౌకావిహారం పాటలో నీళ్ల మీద వెండి తళుకు, చుట్టూ మెత్తని చీకటి, ముఖాల మీద తగిలీ తగలని వెలుగు. దాన్ని సరిగా చూపలేని తెర ఎంత ఖరీదైనా నాకు వద్దు. ఎల్‌సీడీలో వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. నలుపు కావాలంటే స్ఫటికాలు, పోలరైజర్ పొరలు కలిసి ఆ వెలుగుకు అడ్డం నిలవాలి. ఎంత అడ్డుకున్నా కాస్త కారుతుంది. ఎల్‌సీడీల్లోనే ఐపీఎస్ అనే రకం మామూలు తెరల్లో తెలుపు, నలుపుల తేడా దాదాపు వెయ్యి రెట్లు, వీఏ అనే రకంలో మూడువేల రెట్లు. ఓఎల్‌ఈడీలో చుక్కే దీపం, ఆరితే ఆరినట్టే. రాత్రి గదిలో లైటు ఆర్పి ఆ పాట పెట్టండి. ఐపీఎస్ మీద రాత్రి కొంచెం బూడిద రంగు తేలుతుంది, మూలల్లో పొగమంచు కమ్మినట్టు తెల్లదనం కనిపిస్తుంది. వీఏ మీద వెన్నెల వెన్నెలగా, నీడ నీడగా దిగుతుంది. అయినా నేను ఐపీఎస్‌నే ఎంచుకున్నాను, నా పనికి రంగుల నిలకడ ముఖ్యం కాబట్టి. సినిమాల కోసమే కొనేవారికి మాత్రం వీఏ తీసుకోమని గట్టిగా చెబుతాను. ఆ వెన్నెల అంత విలువైనది.

రంగుకు మా పొలాలే కొలబద్ద. మనిషి కన్ను బాగా చురుగ్గా ఉండేది 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర. అది మా నారుమడి రంగుకు దగ్గరి చుట్టం. పొలాస పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన జగిత్యాల సన్నాలు పండే నేల ఇది. ఇక్కడి రైతును అడగండి, నారు పచ్చ వేరు, నాటు తేరుకున్న పచ్చ వేరు, పిలకలేసిన పచ్చ వేరు, పొట్టకొచ్చిన పచ్చ వేరు అంటాడు. నాలుగు దశల ఫోటోలు వరుసగా తెర మీద పెడతాను. అన్నింటినీ ఒకే రేడియం పచ్చగా మార్చి మెరిపించే తెరలు దుకాణంలో భలే కనిపిస్తాయి. కానీ అవి అబద్ధం చెబుతున్నాయి. నాలుగూ నాలుగుగా నిలిస్తే, పండిన మడి అంచున ఆకు కొస ఎండిన గోధుమ రంగు కూడా దొరికితే, ఆ తెర మా నేలను గౌరవించినట్టు. ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణం 1996లో వచ్చింది. దానిని నూటికి దాదాపు నూరు పాళ్లు పట్టుకునే తెర అయితే ఇంటి పనికి చాలు.

మిగతావి పొట్టిగా చెప్పేస్తాను. తెర పై అంచు కంటి ఎత్తుకు ఉండాలి, తెర చేయి చాచినంత దూరంలో ఉండాలి, కిటికీ ఎదురుగానో వెనకనో కాక పక్కకు ఉండాలి. ఎత్తు మార్చుకునే స్టాండు లేని తెర కొనకండి, మెడ మీద దయుంచండి. కేబులో పోర్టో పాతదైతే 4కే తెర సెకనుకు 30 సార్లే మారొచ్చు, మౌసు బాణం ఈడ్చుకుంటూ నడుస్తుంది. కాబట్టి హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ ఉండాలి.

స్కోప్ సినిమా పిచ్చి ఉన్నవారికి 34 అంగుళాల అల్ట్రావైడ్ అని ఇంకో వరం ఉంది. ఎత్తు 27 అంగుళాల తెరంతే, వెడల్పు 80 సెంటీమీటర్ల దాకా. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’. మామూలు తెర మీద దానికి పైనా కిందా నల్లపట్టీలు పడి పావు వంతు చోటు వృథా పోతుంది. అల్ట్రావైడ్ మీద మన్యం కొండలు ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుంటాయి. ఒక మిత్రుడింట్లో అట్లా చూశాను. అలాంటి దృశ్యాలకు ఆ వెడల్పు ఎంత అవసరమో అప్పుడు అర్థమైంది.

ఇక మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో తెరకు ఇంకో పని ఉంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మా వలసల దారి చెబుతారు. ప్రతి వాడలో గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇండ్లున్నాయి. ఫోన్‌లో అరచేయంత ముఖాన్ని చూసి మాట్లాడే అవ్వలు, బాపులు శుక్రవారం వచ్చిందంటే మా దుకాణానికి వస్తారు, “తమ్మీ, ఆ పెద్ద దాంట్ల చూపియ్యి మావోణ్ణి” అంటూ. 33 సెంటీమీటర్ల ఎత్తున్న తెరలో మనిషి తల, భుజాలు దాదాపు అసలు కొలతలో కనిపిస్తాయి. కొడుకు గడ్డం నెరిసిందని, చెంప మీద ఎండకు చర్మం పొట్టు లేచిందని ఆ తల్లులు అట్లానే కనిపెడతారు. “తింటున్నవా లేదా బిడ్డా” అనే ప్రశ్న ఫోన్‌లోనూ అడుగుతారు, కానీ ఈ తెర ముందు జవాబు వినే అవసరం లేకుండానే చూసేసుకుంటారు. కాల్ కిటికీని కెమెరాకు దగ్గరగా, తెర పై అంచుకు జరిపి పెడితే తల్లి చూపు కొడుకు కండ్లకు సూటిగా తగులుతుంది. చిన్న కిటుకే అయినా అందరికీ చెబుతుంటాను. మాయాబజార్‌లో శశిరేఖకు దక్కిన ప్రియదర్శిని పేటిక మూత తీస్తే ఎవరికి ప్రియమైనది వారికి కనిపిస్తుంది. పింగళి నాగేంద్రరావు గారి కలం పలికిన ఆ ఊహ మా దుకాణంలో ప్రతి శుక్రవారం నిజమవుతుంది.

ఆదివారాలు మాత్రం పిల్లలవి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ పటం 2009 నుంచి అందరికీ తెరిచి ఉంది. అది తెర నిండా పరిచి గోదావరి వెంట జరుపుతూ వస్తాను. ధర్మపురి దగ్గర నది దక్షిణానికి తిరిగే ఒంపు, ఇటు కొండగట్టు గుట్ట, కాలువల నీళ్లు తడిపిన మడులు, మడుల నడుమ చెరువులు, చెరువు కట్ట మీద చెట్ల వరుస. చిన్న ఫోన్‌లో అంతా ముద్దగా కనిపించే ఊరు ఇక్కడ బాటలతో, బావులతో, పెంకుటిండ్లతో విప్పుకుంటుంది. పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు, తెర మీద వేలిముద్రలు పడతాయి, పడనివ్వండి. “అన్నా, ఇంకింత కిందికి, మా బాయి కాడికి పో” అని ఒకడు, “కాదు, ముందుగాల మా బడి” అని ఇంకొకతె.