బల్బులు వేరు, కరెంటు ఒక్కటేనా?

వేదాంత ఉపన్యాసాల్లో తరచూ వినిపించే పోలిక ఒకటుంది: బల్బులు వేరు, వాటిలో వెలిగే కరెంటు ఒక్కటే. జీవులు అనేకం, చైతన్యం ఒక్కటి అని చెప్పడానికి ఇంతకన్నా సులువైన ఉదాహరణ దొరకడం కష్టం. అయితే రెండు గ్రాఫిక్స్ కార్డులు బిగించిన కంప్యూటర్ మూత తీసి చూస్తే ఆ పోలిక అంత సాఫీగా సాగదు.

ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3090 కార్డు ఒక్కటే 350 వాట్లు లాగుతుంది. అందులో మదర్‌బోర్డు స్లాటు ఇవ్వగలిగేది 75 వాట్లే. మిగతాది పవర్ సప్లై నుంచి నేరుగా వచ్చే వైర్లు మోయాలి; ఎనిమిది పిన్నుల కనెక్టరు ఒక్కోదాని పరిమితి 150 వాట్లు. రెండు కార్డులకు 700, ప్రాసెసరుకు మరో 200 అనుకున్నా 1000 వాట్ల సప్లై చాలుననే లెక్క తేలుతుంది. కానీ కార్డు వాడకం నిలకడగా ఉండదు. రెప్పపాటులో వందో వంతు కూడా పట్టని వ్యవధిలో తన వాటాకు మించి లాగేస్తుంది. ఆ క్షణంలో మొత్తం భారం హద్దు దాటితే సప్లైలోని రక్షణ ఏర్పాటు మొత్తం ఆపేస్తుంది. ఆత్రపడింది ఒక్క కార్డే అయినా చీకటి రెండింటికీ! 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, పెద్ద సప్లైలు తమ సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్లపాటు తట్టుకోవాలన్నది ఇందుకే.

ఉపనిషత్తులు చెప్పే పూర్ణం ఇలాంటిది కాదు. అందులోంచి ఎంత తీసినా తరగదు.

అలాగని బల్బుల పోలిక అబద్ధమైపోదు. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం మూడో అధ్యాయంలో నీళ్లలోని సూర్యబింబం గురించి చర్చిస్తూ, దృష్టాంతం చెప్పదలచిన అంశం మేరకే పోలుతుందనీ, అన్ని విధాలా పోలితే అది దృష్టాంతమే కాదనీ తేల్చారు. నీళ్లు కదిలితే బింబం కదులుతుంది, సూర్యుడు కదలడు. పవర్ సప్లై మాత్రం కదిలిపోతుంది. పోలిక తెగేది సరిగ్గా ఇక్కడే. ఉపన్యాసకులు ఆ మాట కూడా చెప్పాలి.

ఈ పవర్ సప్లై పెట్టె బ్రహ్మం కన్నా ఊరి చెరువుకు దగ్గర. పై మడివాళ్లు ఎక్కువ పారించుకుంటే చివరి మడి ఎండుతుంది. అందుకే నీరటి వంతులవారీగా నీళ్లు వదిలేవాడు. తరగని మూలం దగ్గర వంతుల ప్రశ్నే రాదు. తరిగే మూలం దగ్గర మొదట వచ్చేది అదే, అది తత్త్వం కాదు, ధర్మం.

రెండు కార్డులు నడిపేవాళ్లలో చాలామంది ఈ వంతును సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఆదేశంతో పెడతారు: ఒక్కో కార్డుకు 350 బదులు 280 వాట్లు. పని కాస్త నెమ్మదిస్తుంది, వేడి తగ్గుతుంది, రాత్రంతా రెండూ ఆగకుండా నడుస్తాయి.