దేవునికి లోబడడం, అన్యాయానికి లోబడడం

చర్చికి వెళ్లే మనవాళ్లను చదువుకున్న కుర్రాళ్లు ఒక మాట అడుగుతుంటారు. ప్రార్థన చేసుకుని మనశ్శాంతి తెచ్చుకుంటే ఇక భూమి కోసం కొట్లాడేదెవరు అని. కోపంతో అడిగినా అది న్యాయమైన ప్రశ్నే. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. ఆ వారసత్వంలో పుట్టిన పిల్లలకు "ఎదిరించడం మాను, అంతా ప్రభువుకు అప్పగించు" అంటే లొంగిపొమ్మన్నట్టే వినబడుతుంది.

నేను ఈ ప్రశ్నను హైదరాబాదు పాతబస్తీ అంచున నిలబెట్టి చూస్తాను. భద్రాచలం, ఉట్నూరు, ఏటూరునాగారం వైపు నుంచి జబ్బుమనిషిని తీసుకొచ్చే మనవాళ్లు ఇమ్లీబన్ బస్టాండులో దిగి అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రికి చేరుకుంటారు. మూసీకి ఈ ఒడ్డున ఆసుపత్రి, నయాపూల్ దాటితే ఆ ఒడ్డున హైకోర్టు. ఒంటికి వచ్చిన కష్టానికి ఒక గుమ్మం, మనుషులు చేసిన అన్యాయానికి ఇంకొక గుమ్మం. రెండింటి మధ్యా నడక పెద్ద దూరం కాదు.

ఆ ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి బతికారు. వాళ్లు వరదతో వాదించలేదు, వాదించినా అది తగ్గేది కాదు. అలాగని కొమ్మా వదల్లేదు. ఆ తర్వాత నగరం ఊరుకుందా? మళ్లీ అలాంటి వరద రాకుండా 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ కట్టుకుంది.

ఇప్పుడు మన గూడేల్లోకి వద్దాం. సికిల్ సెల్ జబ్బున్న బిడ్డ కీళ్ల నొప్పులతో రాత్రంతా మెలికలు తిరుగుతుంటే తల్లి మనసులో మొదలయ్యే యుద్ధం వేరు. ఎవరి పాపం ఇది? ఎవరు చేతబడి చేశారు? అత్తగారు కోడలి వంశాన్ని తిడుతుంది, కోడలు దేవుణ్ణి తిడుతుంది. నిజానికి తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటేనే బిడ్డకు జబ్బు వస్తుంది. అప్పుడు కూడా ప్రతి కాన్పులో ఆ అవకాశం నూటికి 25 మాత్రమే. ఇందులో పాపం ఎక్కడుంది? యోహాను సువార్తలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది ఇదే ప్రశ్న. వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులా అని. ఇద్దరూ కాదన్నాడు యేసు. అని ఊరుకోలేదు, కళ్లకు బురద పూసి, వెళ్లి కడుక్కోమని పంపాడు.

విశ్వాసంలో వదులుకోవలసిన ప్రతిఘటన ఇదీ అని నాకు తోస్తుంది. జరిగిపోయినదాన్ని జరగలేదనిపించాలని మనసు చేసే పోరు అది. అది ఆగితేనే తల్లికి హైడ్రాక్సీయూరియా మాత్ర వేళకు వెయ్యాలన్న ఆలోచన వస్తుంది, బిడ్డకు నీళ్లు ఎక్కువ తాగించాలని గుర్తుంటుంది. "ప్రార్థన చేశాం, మందులు అక్కర్లేదు" అనే పాస్టరు మాట వినకండి. అది కొమ్మ వదిలేయమనడమే.

గెత్సేమనే తోటలో యేసు తిన్నగా లోబడలేదన్నది మన ప్రసంగాల్లో తొందరగా దాటిపోయే సంగతి. ఆ గిన్నె తన దగ్గర్నుంచి తొలగించమని అడిగాడు. అదే ప్రార్థన మూడుసార్లు చేశాడు. వేదన పడ్డాకే తండ్రి చిత్తానికి ఒప్పుకున్నాడు. మరి ఆ రాత్రే ప్రధాన యాజకుడి ముందు ఒక బంట్రోతు చెంపదెబ్బ కొడితే, నేను తప్పు మాట్లాడితే చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని నిలదీశాడు. దేవునికి లోబడ్డ మనిషే కొట్టినవాణ్ణి ప్రశ్నించాడు. కుర్రాళ్ల ప్రశ్నకు జవాబు నాకు ఇక్కడే కనిపిస్తుంది.

భూమి సంగతే చూడండి. 1/70 చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన పొలం తిరిగి చేతికి రాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పిన సమతా తీర్పు కూడా ఒక్క రోజులో రాలేదు. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగడానికి మండే కోపం చాలదు. కోపం రెండో ఏటికే సారాలో మునిగిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. లోపల నెమ్మది ఉన్నవాడే పదో వాయిదాకూ కాగితాలు సర్దుకుని బయలుదేరుతాడు.

ఆ నెమ్మది చర్చి సొత్తని నేననను. ఉస్మానియా వరండాలో బైబిలు ఒళ్లో పెట్టుకున్న కోయ తల్లి పక్కనే తస్బీ తిప్పుతూ పాతబస్తీ తల్లి కూర్చుంటుంది. ఇస్లాం అన్న పదానికే దేవునికి లోబడడమని అర్థం. మన పెద్దలు వేల్పుల ముందు దుఃఖం దించుకోలేదా?

ఉపాధ్యాయులకు ఒక మాట. ఆశ్రమ పాఠశాలలో రక్త పరీక్ష చేశాక, సికిల్ సెల్ ఉందని తెలిసిన అమ్మాయి హాస్టల్ మూలన మౌనంగా కూర్చుంటే వెంటనే వాక్యం చెప్పకండి. ముందు ఏడవనివ్వండి. ఇది ఎవరి తప్పూ కాదని తర్వాత చెప్పండి. ఆమె అడిగితే కలిసి ప్రార్థించండి. ఈ నెల మాత్రలు పీహెచ్‌సీలో లేవన్నారంటే, ఆ ఫిర్యాదు కూడా ఆమెతో కలిసే రాయండి.